4.3 అధిక సామర్థ్యం గల కార్లు – వర్గీకరణ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• వాడుకలోని పేరుకూ, నియమావళి నిర్దేశించిన వర్గానికీ గల తేడాను వివరించగలుగుతారు.
• శక్తి–బరువు నిష్పత్తిని లెక్కించి రెండు కార్లను పోల్చగలుగుతారు.
• వర్గీకరణ నియమాలు కారు రూపకల్పనను ఎలా ప్రభావితం చేస్తాయో ఉదాహరణతో చెప్పగలుగుతారు.

4.3.1 విషయ పరిచయం

'స్పోర్ట్స్ కారు', 'సూపర్ కారు', 'హైపర్ కారు' అనే మాటలు మీరు వినే ఉంటారు. ఒక కారు ఏ వర్గానికి చెందుతుందో నిర్ణయించేది ఎవరు? దీనికి రెండు సమాధానాలున్నాయి. రోడ్డు మీద తిరిగే కార్ల పేర్లను తయారీదారులు, పత్రికలు, కొనుగోలుదారులు వాడుకలోకి తెచ్చారు. వీటికి సర్వసమ్మతమైన నిర్వచనం లేదు. అంతర్జాతీయ పోటీల్లో పాల్గొనే కార్ల వర్గాలను మాత్రం అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్.ఐ.ఏ.) లిఖిత నియమాల ద్వారా నిర్దేశిస్తుంది.

4.3.2 వాడుకలోని వర్గాలు

అ) హాట్ హ్యాచ్: సాధారణ కుటుంబ హ్యాచ్‌బ్యాక్‌కు శక్తిమంతమైన ఇంజిన్ అమర్చిన కారు. ఉదా: 1976లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జి.టి.ఐ. (110 అశ్వశక్తి).
ఆ) స్పోర్ట్స్ కారు: తక్కువ ఎత్తు, తక్కువ బరువు, మలుపుల్లో చురుకుదనం దీని లక్షణాలు. ఉదా: మాజ్దా ఎం.ఎక్స్-5.
ఇ) గ్రాండ్ టూరర్: దూరప్రయాణాలను వేగంగా, సౌకర్యంగా చేయడానికి ఉద్దేశించినది.
ఈ) మజిల్ కారు: మధ్యతరహా అమెరికన్ కారులో పెద్ద వి-8 ఇంజిన్ అమర్చినది. ఉదా: 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ.
ఉ) సూపర్ కారు: 1966లో వచ్చిన లంబోర్గిని మియూరాతో ఈ వర్గం మొదలైందని చాలామంది భావిస్తారు. ఇందులో 12 సిలిండర్ల ఇంజిన్ సీట్ల వెనుక ఉంటుంది.
ఊ) హైపర్ కారు: సూపర్ కార్లలో అగ్రశ్రేణికి చెందినది. ఉదా: బుగాటి వేరాన్.

ఈ వర్గాల మధ్య కచ్చితమైన సరిహద్దులు లేవని గమనించండి. మియూరా శక్తి సుమారు 350 అశ్వశక్తి. నేడు అంతకు మించిన శక్తి గల హాట్ హ్యాచ్‌లు కూడా ఉన్నాయి. అంటే ఈ పేర్లు కాలాన్ని బట్టి అర్థం మార్చుకుంటాయి.

4.3.3 శక్తి–బరువు నిష్పత్తి

పేరుతో నిమిత్తం లేకుండా కార్లను పోల్చడానికి ఉపయోగపడే కొలత ఇది. అశ్వశక్తిని టన్నులలోని బరువుతో భాగిస్తే ఈ నిష్పత్తి వస్తుంది.

మారుతి 800: 37 ÷ 0.65 = సుమారు 57
బుగాటి వేరాన్: 1001 ÷ 1.888 = సుమారు 530

అయితే ఈ కొలత త్వరణాన్ని సూచిస్తుందే తప్ప బ్రేకుల పనితీరునూ, మలుపుల్లో స్థిరత్వాన్నీ చెప్పదు.

4.3.4 నియమావళి వర్గాలు: గ్రూప్ 'బి' ఉదాహరణ

1982లో అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం గ్రూప్ 'ఎ'లో చేరాలంటే ఏడాదిలో 5,000 కార్లు తయారు చేయాలి. గ్రూప్ 'బి'కి 200 చాలు. కాబట్టి మార్కెట్‌లో అమ్ముడుపోతుందా అన్న చింత లేకుండా, కేవలం పోటీ కోసమే కారును రూపొందించే వీలు కలిగింది.

ఈ వర్గంలో ఇంజిన్ ఘనపరిమాణం తగ్గితే అనుమతించే కనీస బరువు కూడా తగ్గుతుంది. టర్బో ఉంటే ఘనపరిమాణాన్ని 1.4తో హెచ్చవేయాలి. లాన్సియా డెల్టా ఎస్-4 ఇంజిన్ 1,759 సి.సి. దాన్ని 1.4తో హెచ్చవేస్తే సుమారు 2,463 వస్తుంది. అంటే ఆ కారు 2,500 సి.సి. లోపు తరగతిలో చేరి, 890 కిలోల కనీస బరువుతో పోటీ చేయగలిగింది. ఇంజిన్ పరిమాణాన్ని ఇంజనీరు అవసరం కన్నా నియమమే ఎక్కువగా నిర్ణయించిందని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆ కారు శక్తి 450 అశ్వశక్తికి పైమాటే. నిష్పత్తి లెక్కిస్తే టన్నుకు 500 దాటుతుంది. ఇది దాదాపు వేరాన్ స్థాయి. అదీ ఇరుకైన కొండదారుల్లో, ప్రేక్షకుల మధ్య! 1986 మార్చిలో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు జనంలోకి దూసుకుపోయి ప్రేక్షకులు మరణించారు. మే 2న కోర్సికాలో డెల్టా ఎస్-4 లోయలో పడి డ్రైవర్ హెన్రీ టోయ్‌వొనెన్, సహచోదకుడు సెర్జియో క్రెస్టో మరణించారు. 1987 నుంచి ప్రపంచ ర్యాలీ పోటీల్లో గ్రూప్ 'బి'ని తొలగించి గ్రూప్ 'ఎ'కు ప్రాధాన్యమిచ్చారు.

4.3.5 సారాంశం

వాడుక పేర్లు కారు స్వభావాన్ని స్థూలంగా సూచిస్తాయి. నియమావళి వర్గాలు కారు ఎలా తయారవ్వాలో నిర్ణయిస్తాయి, ఒక్కోసారి ప్రాణాల భద్రతను కూడా ప్రభావితం చేస్తాయి. వాడుక పేరు నియమావళిలోకి చేరడమూ ఉంది. 2021 నుంచి ప్రపంచ ఎండ్యూరెన్స్ పోటీల్లో అగ్రశ్రేణి వర్గం పేరు 'హైపర్ కార్'.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 900 కిలోల బరువు, 180 అశ్వశక్తి గల కారు. 2,000 కిలోల బరువు, 300 అశ్వశక్తి గల కారు – వీటిలో దేని శక్తి–బరువు నిష్పత్తి ఎక్కువ?
2. తయారు చేయవలసిన కార్ల సంఖ్యను 200కు పరిమితం చేయడం వల్ల కలిగిన ఫలితాలేమిటి?

జవాబులు: 1. మొదటి కారు (200, రెండవది 150). 2. 4.3.4 చూడండి.