మట్టిగోడ ముందు మంజనీక్

1304 జూలైలో స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ కోట లొంగిపోతానని కబురు పంపింది. ఏప్రిల్ నుంచి ముట్టడిలో నలిగిన ఆ కోటలో ఉన్నది పిడికెడు మంది. బయట ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ సైన్యం. ఇంకెవరైనా అయితే వెంటనే తలుపులు తీయించుకునేవారు. ఎడ్వర్డ్ మాత్రం ఒప్పుకోలేదు. ఐదుగురు పెద్ద వడ్రంగులు, యాభైమంది పనివాళ్లు కలిసి కడుతున్న రాళ్లు విసిరే యంత్రం ఒకటి అప్పటికి పూర్తి కావచ్చింది. దానికి ‘వార్‌ఉల్ఫ్’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. దాన్ని ఒకసారి ప్రయోగించి చూశాకే మీ లొంగుబాటు సంగతి, అంతవరకూ లోపలే ఉండండి అన్నాడు రాజు. అన్నట్టే రాళ్లు విసిరి, నాలుగు రోజుల తరవాత కోట అప్పగింత పుచ్చుకున్నాడు.

యుద్ధం ముగిశాక కూడా వాడి చూడాలనిపించేంత మోజు ఆ యంత్రం మీద. ఐరోపాలో దాన్ని ట్రెబుషే అన్నారు. అరబ్బులు, పారశీకులు రాళ్లు రువ్వే యంత్రాలన్నిటినీ కలిపి మంజనీక్ అన్నారు. తుపాకిమందు కోటల మీదికి రాకముందు మనిషి చేసిన అతి బలమైన ఆయుధం ఇదే. అయినా, నన్నడిగితే, కోటలు పడగొట్టిన ఘనతలో దీనికి దక్కవలసిన వాటా చాలా తక్కువ. ఎందుకో చెప్పాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో చూడాలి.

పొలంలో నీళ్లు తోడే ఏతం చూసినవాళ్లకు ట్రెబుషే సగం అర్థమైనట్టే. ఇరుసు మీద ఒక పొడవాటి దూలం. పొట్టి కొసకు బరువు, పొడుగు కొసకు పని. ట్రెబుషేలో పొట్టి కొసన వేలాడేది రాళ్లో మట్టో నింపిన పెద్ద కొయ్యపెట్టె. స్టిర్లింగ్ ముట్టడిలో బరువుల కోసం చర్చి కప్పుల మీది సీసపు రేకులను కూడా ఊడదీయించారు. పొడుగు కొసన కట్టేది వడిసెల. గుండును వడిసెలలో పెట్టి, దూలాన్ని కిందికి లాగి బిగించి, కొక్కెం విప్పితే చాలు. పెట్టె కిందికి పడుతుంది, పొడుగు కొస పైకి లేస్తుంది, దాని వెనక వడిసెల సుడి తిరుగుతుంది.

చైనాలో పుట్టిన పాత రకానికి బరువు పెట్టె లేదు. పొట్టి కొసకు కట్టిన తాళ్లను పదుల మంది మనుషులు ఒక్కసారిగా గుంజేవారు. ఆరో శతాబ్దం చివరికల్లా అది మధ్యధరా తీరానికి చేరింది. మనుషులతో చిక్కేమిటంటే, ఒకసారి లాగినట్టు ఇంకోసారి లాగరు, పైగా అలిసిపోతారు. పన్నెండో శతాబ్దంలో మనుషుల స్థానంలో బరువు వచ్చింది. సుల్తాన్ సలాహుద్దీన్ కోసం అల్ తర్సూసీ రాసిన ఆయుధాల గ్రంథంలో అలాంటి యంత్రం వర్ణన ఉంది. భూమ్యాకర్షణకు అలసట లేదు. అదే పెట్టె, అదే ఎత్తు, అదే బరువున్న గుండు అయితే ప్రతి గుండూ దాదాపు అక్కడక్కడే పడుతుంది. అందుకే గుండ్లను చెక్కి ఒకే తూకానికి తెచ్చేవారు. గురి అంతా ఆ తూకంలోనే ఉంది.

కాస్త లెక్క వేద్దాం. 6 టన్నుల పెట్టె 4 మీటర్లు కిందికి దిగిందనుకుంటే దాదాపు 2,35,000 జౌళ్ల శక్తి విడుదలవుతుంది. దూలాన్ని తిప్పడానికి, రాపిడికి, ఊగులాటకు సగం పోయినా 1,17,000 జౌళ్లు గుండుకు చేరతాయి. గుండు 100 కిలోలైతే అది సెకనుకు 48 మీటర్ల వేగంతో, అంటే గంటకు 170 కిలోమీటర్లకు పైగా వేగంతో బయలుదేరుతుంది. గాలి అడ్డు లేకపోతే సుమారు 240 మీటర్ల దూరాన పడుతుంది. గట్టి ఇంగ్లిష్ విల్లు వదిలిన బాణానికి ఉండే శక్తి నూరు జౌళ్లకు అటూ ఇటూగా. అంటే ఒక్క గుండులో వెయ్యి బాణాల సత్తువ.

వడిసెల లేకపోతే ఇందులో చాలా భాగం వృథా అయ్యేది. దూలం పొడుగు కొస పొట్టి కొసకు నాలుగైదు రెట్లు ఉంటుంది కాబట్టి ఆ మేరకు వేగం పెరుగుతుంది. దూలాన్నే ఇంకా పొడిగిస్తే అది తన బరువుకు తానే విరుగుతుంది. వడిసెల బరువు లేని పొడవు. అది ముందుకు తిరిగే కొద్దీ దూలం నెమ్మదిస్తుంది, దూలంలోని శక్తి గుండులోకి వెళ్తుంది. వడిసెల ఒక చెవి దూలానికి కట్టి ఉంటుంది, రెండోది కొసన ఉన్న ఇనుప కొక్కేనికి తగిలించి ఉంటుంది. సరైన కోణం రాగానే ఆ చెవి జారి గుండు ఎగిరిపోతుంది. కొక్కేన్ని కాస్త వంచితే గుండు పడే చోటు మారుతుంది. సినిమాల్లో చూపించేది సాధారణంగా చెంచా లాంటి గుంత ఉన్న వేరే యంత్రం, అదీ మండుతున్న గుండుతో! రాతిగోడ మీదికి నిప్పు విసిరి ప్రయోజనమేమిటో దర్శకులే చెప్పాలి. నిప్పుకుండలు విసిరిన మాట నిజమే, కానీ అవి గోడ దాటి లోపలి ఇళ్ల కప్పుల మీద పడేలా విసిరేవారు.

ఇంగ్లండ్‌లోని వారిక్ కోటలో 2005లో నిలబెట్టిన ట్రెబుషే ఎత్తు 18 మీటర్లు, బరువు 22 టన్నులు. ఇంతటిదాన్ని యుద్ధరంగానికి ఎలా చేర్చాలి? 1291లో ఈజిప్టును ఏలుతున్న మమ్లూకులు క్రూసేడర్ల ఏకర్ నగరం మీదికి దండెత్తినప్పుడు ‘అల్ మన్సూరీ’ అనే మంజనీక్‌ను విడదీసి, నూరు బండ్లకెత్తి క్రాక్ దె షెవాలియే కోట నుంచి తరలించారు. ఒక బండి బాధ్యత అబుల్ ఫిదా అనే కుర్రవాడిది. తరవాతి కాలంలో పెద్ద చరిత్రకారుడైన ఆయన ఆ ప్రయాణాన్ని రాసిపెట్టాడు. వానలు, మంచు, దారిలో చస్తున్న ఎడ్లు. గుర్రం మీద ఎనిమిది రోజులు పట్టే దారికి వాళ్లకు నెల పట్టింది.

చైనాలో అయితే ఫలితం త్వరగానే వచ్చింది. ఏళ్ల తరబడి లొంగని షియాంగ్‌యాంగ్ నగరం మీద 1273లో కుబ్లాయ్ ఖాన్ సైన్యం ఇస్మాయిల్ అనే ముస్లిం శిల్పి కట్టిన బరువుపెట్టె యంత్రాన్ని ప్రయోగించింది. దాదాపు 90 కిలోల గుండు నేలలో ఏడడుగుల లోతున దిగబడిందని యువాన్ వంశ చరిత్ర చెబుతుంది. గుండె చెదిరి నగరం లొంగింది. ఆ యంత్రం మా వాళ్లే చేయించారని మార్కో పోలో గ్రంథం చెప్పుకుంది గానీ, ఆయన చైనా చేరేసరికి ఆ ముట్టడి ముగిసి ఏళ్లయింది.

మరి గోడలో? ఇంగ్లండ్‌లోని రోచెస్టర్ కోట బురుజు సంగతి చూడండి. ఎత్తు 34 మీటర్లు, గోడ మందం మూడున్నర మీటర్లు. 1215లో తిరుగుబాటుదార్లు అందులో చేరితే జాన్ రాజు ఐదు యంత్రాలతో రాత్రింబవళ్లు రాళ్లు రువ్వించాడు. బురుజు చలించలేదు. చివరికి గని పనివాళ్లను దించి ఒక మూల కింద సొరంగం తవ్వించాడు. తవ్వే కొద్దీ పైన గోడ కుంగకుండా కొయ్య స్తంభాలు నిలబెడుతూ పోయారు. నవంబర్ 25న రాజు తన అధికారి హ్యూబర్ట్ ద బర్గ్‌కు ఒక ఉత్తరం రాశాడు. తినడానికి పనికిరాని, బాగా కొవ్వు పట్టిన నలభై పందులను పంపించు అని. ఆ కొవ్వు పూసిన స్తంభాలకు నిప్పు పెట్టారు. స్తంభాలు కాలాయి, మూల కూలింది. అప్పటికీ లోపలివాళ్లు లొంగకుండా అడ్డగోడ వెనక్కి జరిగి పోరాడారు. వాళ్లను బయటికి తెచ్చింది ఆకలి.

కూలిన మూలను తరవాత గుండ్రంగా కట్టారు. మిగిలిన మూడు మూలలూ నలుచదరంగానే ఉన్నాయి, వెళ్తే ఇప్పటికీ తేడా తెలుస్తుంది. మూల అంటే రెండు వైపుల నుంచీ తవ్వడానికి వీలైన చోటు. గుండ్రటి బురుజుకు అలాంటి బలహీనత లేదు, పైనుంచి బాణాలు వేసేవాళ్ల కంటికి మరుగు చోటూ తక్కువే. సొరంగాన్ని పసిగట్టడానికి కోటలోవాళ్లు పళ్లాల్లో నీళ్లు పోసి నేల మీద పెట్టేవారు. నీటిలో అలలు లేస్తే కింద గడ్డపార పడుతోందని అర్థం.

అంటే లక్షకు పైగా జౌళ్ల గుండు చేసిన పని గోడను కూల్చడం కాదు. గోడ నెత్తిన ఉండే పిట్టగోడలను, కొయ్య అటకలను పగలగొట్టి అక్కడ మనిషి నిలబడకుండా చేయడం. పైన కాపలా లేకపోతేనే కింద తవ్వేవాడు బతుకుతాడు.

మూడున్నర మీటర్ల రాతిగోడే తట్టుకుంటే మట్టిగోడ ఇంకా సులువుగా తట్టుకుంటుందని చెబితే కొందరు నమ్మరు. దెబ్బ బలం శక్తి మీద ఎంత ఆధారపడుతుందో గుండు ఆగడానికి పట్టిన దూరం మీదా అంతే ఆధారపడుతుంది. మన లెక్కలోని గుండు రాతికి తగిలి 3 సెంటీమీటర్లలో ఆగిపోతే సగటు బలం సుమారు 400 టన్నుల బరువుకు సమానం. అదే గుండు మట్టిలో 60 సెంటీమీటర్లు దిగబడి ఆగితే 20 టన్నులు. పైగా రాతిలో పుట్టిన బీట పాకుతుంది, మట్టిలో పాకదు. పగలు పడిన గుంటను రాత్రి నాలుగు తట్టల మట్టి పోసి పూడ్చుకోవచ్చు.

ఈ సంగతి కాకతీయులకు బాగా తెలుసు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన ఓరుగల్లులో లోపల రాతికోట, దాని చుట్టూ నీళ్లు నిండిన కందకం, దానికి బయట మరో కందకంతో దాదాపు రెండున్నర కిలోమీటర్ల వ్యాసం ఉన్న మట్టికోట. 1310 జనవరిలో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం ఈ మట్టికోట ముందు దిగింది. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఆ దండయాత్రను వర్ణిస్తూ ఈ మట్టిగోడలో ఉక్కు ఈటె దిగదనీ, మంజనీక్ గుండు తగిలినా ఎగిరి వెనక్కి పడుతుందనీ రాశాడు. గుండు వెనక్కి ఎగరడం కవిగారి అతిశయోక్తి, అది లోపల దిగబడి ఉంటుంది. కానీ శత్రువు ఆస్థానంలోని కవి చేత పొగిడించుకున్న గోడలు చరిత్రలో ఎన్ని ఉంటాయి?

ఆ గోడను ఎలా దాటారు? కందకంలో కొంత భాగాన్ని మట్టితో పూడ్చారు, గోడకు ఒకచోట గండి కొట్టారు, నిచ్చెనలు వేసుకుని ఎక్కారు. మట్టిగోడ బలహీనత అదే. మట్టిని నిట్టనిలువుగా ఎత్తుకు పోయలేం, వాలుగా పోయాలి. వాలుగా ఉన్నదాన్ని మనిషి ఎక్కగలడు. రాతిగోడ నిటారుగా నిలబడుతుంది, ఎక్కడం కష్టం, కానీ దెబ్బకు బీట తీస్తుంది. ఒకదాని లోపం ఇంకొకదాని బలం. అందుకే ఓరుగల్లు రెండింటినీ పెట్టుకుంది. మట్టికోట చేజారాక ముట్టడిదారులకు ఎదురైంది కందకం నీళ్లలోంచి లేచిన నల్లరాతి గోడ, దాని 45 బురుజులు. దాని మీదికి దూకేలోపే కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి దిగి ధనం చెల్లించాడు. మార్చిలో సైన్యం వెనుదిరిగింది.

ఆ రాతిగోడలోనూ మట్టి ఉంది. రాళ్లను సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చి, లోపలి వైపు వాలుగా మట్టికట్ట పోసి, దాని మీద రాతిమెట్లు పరిచారు. కోటలో ఎక్కడున్నా పరుగున గోడ మీదికి చేరుకోవచ్చు. ముఖం రాయి, వెన్ను మట్టి. తరవాత పదేళ్లకు పైగా గడిచాక ఉలుగ్ ఖాన్, అంటే కాబోయే మహమ్మద్ బిన్ తుగ్లక్, వచ్చి ముట్టడించినా మొదటిసారి కోట దక్కలేదు. ఢిల్లీ నుంచి తపాలా ఆగిపోయి, సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టి ఆయన సైన్యమే చెదిరిపోయింది. 1323లో మళ్లీ వచ్చి నెలల తరబడి బిగించాకే కోట లొంగింది.

ఫిరంగులు వచ్చాక ట్రెబుషే మూలపడింది. మట్టి మాత్రం మూలపడలేదు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ రాతిగోడలను రెండో మెహ్మెద్ ఫిరంగులు బద్దలు కొడుతుంటే, లోపలివాళ్లు ఆ గండ్లలో మట్టి, కొయ్యలు, పీపాలు నింపి అడ్డుకట్టలు కట్టారు. గుండ్లు వాటిలో కూరుకుపోయేవి. ఆ తరవాత ఇటలీ ఇంజనీర్లు ఎత్తైన గోడలు మానేసి పొట్టిగా, మందంగా, లోపల మట్టి కూరిన కోటలు కట్టడం మొదలుపెట్టారు. ఐరోపా అంతా ఆ పద్ధతే పాకింది.

వరంగల్ కోటకు వెళ్లేవాళ్లలో చాలామంది తోరణాల దగ్గర ఫోటోలు దిగి తిరిగి వచ్చేస్తారు. మట్టికోటను చెరువుకట్ట అనుకునేవాళ్లూ లేకపోలేదు. ఈసారి వెళ్లినప్పుడు ఒక గంట ఎక్కువ ఉండండి. ముందు మట్టికోట కట్ట చూసి, తరవాత రాతిగోడ లోపలి మెట్లెక్కి కందకం వైపు చూడండి. పిల్లలు వెంట ఉంటే రెండు గోడల వాలునూ వాళ్ల చేతే పోల్పించి, తాము ముట్టడిదారులైతే ఏ గోడతో ఎలా తలపడేవారో అడగండి.