మీకు తెలుసా? కరోనాకు క్యాన్సర్ మందు!

బొబ్బిలి స్టేషన్లో ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయిన రోజులు గుర్తున్నాయా? క్యాన్సర్ రోగులు కీమో ఎక్కించుకోవాలంటే విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రికో వెళ్లాలి. నూరు కిలోమీటర్ల పైమాటే! లాక్‌డౌన్‌లో ఎలా వెళ్తారు?

దేశంలో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల లెక్క వినండి! 2020 మార్చి నుంచి మే దాకా కొత్తగా వచ్చిన రోగులు అంతకు ముందటేడు కంటే 54 శాతం తక్కువ! జబ్బు మాత్రం సెలవు తీసుకోలేదు!

ఇప్పుడో రహస్యం! ఫైజర్ టీకా ఉంది కదా? దాని వెనకున్న జర్మనీ కంపెనీ బయోఎన్‌టెక్. 2008లో దాన్ని పెట్టింది క్యాన్సర్ చికిత్సల కోసం! ట్యూమర్ మీదికి పంపాలనుకున్న ఎంఆర్‌ఎన్‌ఏ విద్య కరోనా మీదికి దూకింది!

మన హైదరాబాద్ సంగతి చెప్పనా? నీళ్లలో కలుపుకుని తాగే 2-డీజీ పొడి! డీఆర్‌డీఓ, డాక్టర్ రెడ్డీస్ కలిసి తెచ్చాయి. 2021 మేలో కరోనా చికిత్సకు అత్యవసర అనుమతి వచ్చింది. అంతకు చాలా ముందే దాన్ని మెదడు కణితి రోగులకు ఇచ్చి చూశారు! కణితికి చక్కెరంటే ప్రాణం. ఇదేమో చక్కెర వేషం వేసుకున్న మందు!

ఇంకో వింత! డెక్సామెథసోన్. పాత మందు, చవక మందు. రక్త క్యాన్సర్లకు ఏళ్ల తరబడి వాడుతున్నదే! 2020 జూన్‌లో బ్రిటన్ డాక్టర్లు ఏం తేల్చారో తెలుసా? వెంటిలేటర్ మీదున్న కరోనా రోగుల్లో ఈ మందు మూడో వంతు మరణాలను తప్పించింది!

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరవాత ‘కరెంటు’ (రేడియేషన్) పెట్టించుకోవడం తెలుసుగా? మూడు వారాల తిరుగుడు! తొలిదశలో 15 సార్ల బదులు 5 సార్లు చాలని అదే ఏడు ఏప్రిల్‌లో బ్రిటన్ పరిశోధన తేల్చింది! ఒక్క వారంలో పని పూర్తి! గడప దాటాలంటేనే గుండె దడదడలాడిన రోజుల్లో ఎంత పెద్ద వరం!

ఇక వైద్యం ఖర్చు మాట! ఆరోగ్యశ్రీ పథకం 2007లో ఏయే జిల్లాల్లో మొదలైంది? మొత్తం 3 జిల్లాలు. ఒకటి మన శ్రీకాకుళం! క్యాన్సర్‌కు అక్కరకొచ్చిన ఆ కార్డే కరోనా వైద్యానికీ పనికొచ్చింది!

చివరిది మన ఇంటి సంగతి! అడ్డపొగ. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం! దాని వల్ల అంగిలికి వచ్చే చేటు తెలుసుకోవాలని శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఎన్ని నోళ్లు పరీక్షించారో తెలుసా? 10,169! 1971లో ఆ పరిశోధన అచ్చయింది. అప్పట్లో బొబ్బిలి కూడా ఆ జిల్లాలోదే!

కరోనా రోజుల్లో నోళ్లన్నీ మాస్కు చాటునే ఉండిపోయాయి. ఇప్పుడు మాస్కు లేదు కదా! అద్దం ముందు నోరు తెరవండి. తెల్ల మచ్చ కనిపించినా, పుండు 2 వారాల్లో మానకపోయినా డాక్టరుకు చూపించండి. ఇంట్లో అడ్డపొగ తాగే మామ్మ ఉందా? ముందు ఆవిణ్ని తీసుకెళ్లండి!