7.4 మందును నిదానంగా వదిలే పాలిమర్లు

బుక్కరాయసముద్రం చెరువు తూము ఒక్కసారిగా పూర్తిగా ఎత్తేస్తే మొదటి రోజు మడులు మునుగుతాయి. వరి పొట్టదశకు వచ్చేసరికి చెరువు అడుగంటుతుంది. మందుల విషయంలోనూ ఇదే చిక్కు. మామూలు మాత్ర వేసుకున్న కొద్దిసేపటికి రక్తంలో మందు గాఢత బాగా పెరిగి, ఆపైన పనిచేసే స్థాయికంటే కిందికి పడిపోతుంది. క్యాన్సర్‌కు సిరలోకి ఎక్కించే 5-ఫ్లోరోయురాసిల్ అయితే సుమారు 10 నుంచి 20 నిమిషాల్లోనే రక్తంలో సగానికి తగ్గుతుంది. మోతాదు పెంచుదామంటే మంచి కణాలూ దెబ్బతింటాయి. కాబట్టి తూములాంటిది ఒకటి కావాలి. ఆ పనిని పాలిమర్ వల చేస్తుంది.

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కె. చౌడోజీ రావు, ఎం.సి.ఎస్. సుభ, వారి సహ పరిశోధకులు ఇలాంటి వలలపై పనిచేశారు. వారు తయారుచేసిన వాటిలో ఒకటి, క్యాన్సర్ మందు కోసం పాలీవినైల్ ఆల్కహాల్, సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌లతో చేసిన సూక్ష్మగోళాలు. ఇందులో రెండు పాలిమర్లు రెండు చేపల వలలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నట్లు పెనవేసుకుంటాయి. మందు ఆ కన్నుల మధ్య ఇరుక్కొని ఉంటుంది.

ఇప్పుడు ఈ గోళం జీర్ణాశయంలోకి వెళ్లిందనుకోండి. అక్కడి ఆమ్లంలో సెల్యులోజ్ గొలుసుపై ఉన్న కార్బాక్సిల్ సమూహాలకు ఆవేశం ఉండదు. గొలుసులు దగ్గరగా ముడుచుకుంటాయి, మందు అంతగా బయటికి రాదు. పేగుల్లో పీహెచ్ పెరగగానే ఆ సమూహాలు రుణావేశం పొంది ఒకదాన్నొకటి వికర్షిస్తాయి. వల నీరు పీల్చి ఉబ్బుతుంది, కన్నులు పెద్దవై మందు మెల్లగా బయటికి వస్తుంది. గొలుసుల మధ్య ముడులు ఎక్కువైతే విడుదల నెమ్మదిస్తుంది, తక్కువైతే వేగం పెరుగుతుంది. ఈ ముడులు వేయడానికి తరచుగా వాడే గ్లూటరాల్డిహైడ్ కణాలకు విషం. అందుకే మిగిలిపోయినదాన్ని బాగా కడిగివేయాలి.

మనం మటిక్కాయ అని వేపుడు చేసుకునే గోరుచిక్కుడు గింజల్లోనూ ఇలాంటి పాలిమర్ ఉంది, దాని పేరు గ్వార్ గమ్. మన జీర్ణరసాలు దాన్ని విడగొట్టలేవు, పెద్దపేగులోని బాక్టీరియా విడగొట్టగలవు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వై.ఎస్.ఆర్. కృష్ణయ్య బృందం ఈ గుణాన్నే ఉపయోగించుకొని మందును పెద్దపేగు దాకా చేర్చే మాత్రలపై పరిశోధించింది.

ఒక జాగ్రత్త. బీకరులో గంటలకొద్దీ నిలకడగా విడుదలైనంత మాత్రాన మందు రోగికి పనిచేసినట్లు కాదు. బీకరులో పేగు కదలికలుండవు, ఆహారం ఉండదు, రోగనిరోధక కణాలూ ఉండవు. పత్రికల్లో ‘కొత్త క్యాన్సర్ చికిత్స’ అనే శీర్షిక కనబడినప్పుడు ఆ పరీక్ష ఎక్కడ జరిగిందో ముందు చూడండి.

ఇలాంటి వలలో మందుకు బదులు కణాలను పెంచితే అది పునరుత్పాదక వైద్యం. ఇక్కడ లెక్క మారుతుంది: కొత్త కణజాలం ఎదిగే కొద్దీ ఆధారంగా ఉన్న వల కరిగిపోవాలి. ముందే కరిగితే ఆధారం పోతుంది, ఆలస్యమైతే ఎదుగుదలకు అడ్డమవుతుంది. శస్త్రచికిత్సలో విప్పనక్కరలేని కుట్లు వేసే పాలీగ్లైకాలిక్ ఆమ్లం ఈ కోవలోదే. నీటితో చర్య జరిపి అది చిన్న అణువులుగా విడిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: జీర్ణాశయంలోనే విడుదల కావాల్సిన మందుకు పైన చెప్పిన సూక్ష్మగోళాలు ఎందుకు పనికిరావు? కార్బాక్సిల్ సమూహాల ఆవేశం ఆధారంగా వివరించండి.