చెరసాలలో మనస్సు

శరీరమునకు అన్నము ఎంత అవసరమో, మనస్సునకు సాటి మనిషి మాట అంత అవసరము. అండమాను దీవులలోని సెల్యులర్ జైలు చరిత్ర ఇందులకు తార్కాణము.

పోర్ట్ బ్లెయిరులో (2024 నుండి ఈ నగరము పేరు శ్రీ విజయపురము) ఈ జైలు నిర్మాణము 1896లో ఆరంభమై 1906లో ముగిసినది. నడుమ ఒక గోపురము. దాని చుట్టు బండిచక్రపు ఆకులవలె ఏడు బారులు. వానిలో దాదాపు ఏడువందల ఒంటరి గదులు. ఒక బారులోని గదులు పక్క బారు వెనుకవైపును చూచుచుండును. కనుక ఒక ఖైదీకి ఎదుటి ఖైదీ ముఖమైనను కనబడదు. మనిషిని మనిషినుండి వేరు చేయుటకే ఆనాటి నిర్మాణ విజ్ఞానము వినియోగపడినది.

ఏకాంతమునకు గానుగ తిప్పుట వంటి కఠినశ్రమ తోడైనది. 1912లో ఇందుభూషణ్ రాయ్ అను దేశభక్తుడు ఆ జైలులోనే ఆత్మహత్య చేసికొనెను. ఆ యేడే ఉల్లాస్కర్ దత్తునకు మతి చలించినది. పిమ్మట ఆయనను మద్రాసులోని మానసిక వైద్యశాలకు తరలించిరి. దేశముకొరకు ప్రాణములకు తెగించిన వారి మనస్సే కుంగినప్పుడు సామాన్యుల మాట చెప్పనేల? మానసిక వ్యాధి పిరికితనము కాదు, నటన కాదు, పాపఫలమును కాదు. అది చికిత్సకు లొంగు వ్యాధి.

ఆ జైలు 1979లో జాతీయ స్మారకమైనది. కాలముతోపాటు న్యాయమును మారినది. పదునైదు దినములకు మించి వరుసగా ఏకాంత నిర్బంధము కూడదని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమములు చెప్పుచున్నవి. మన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ప్రతి రాష్ట్రమునందును, కేంద్రపాలిత ప్రాంతమునందును కనీసము ఒక జైలు వైద్యవిభాగములో మానసిక చికిత్సాకేంద్రము ఉండవలెను.

ఒకప్పుడు మనుష్యులను వేరుచేసిన విజ్ఞానమే నేడు వారిని కలుపగలదు. సముద్రము నడుమనున్న దీవులలోని రోగిని దూరమందున్న వైద్యుడు తెరపై చూచి పరీక్షింపవచ్చును. ప్రజలందరికొరకు 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై తెలుగులోను లభించును. అయితే యంత్రము పిలిచిననే పలుకును; మిక్కిలి కుంగిన మనిషి పిలువడు. అతనిని గుర్తింపవలసినది పక్కనున్న మనిషియే.

గమనింపవలసినవి

నిద్ర పట్టకపోవుట, అన్నము మానుట, ఎవరితోను మాటాడకుండుట, చావును గూర్చి పలుకుట ప్రమాద చిహ్నములు. జైలులో చేరిన తొలి దినములలో మరింత జాగ్రత్త అవసరము. ఇట్టివి చూచిన తోటి ఖైదీగాని సిబ్బందిగాని వెంటనే జైలు వైద్యునికి తెలుపవలెను. పూర్వము చికిత్స పొందినవాడైనచో, వాడిన మందుల వివరములను బంధువులు వైద్యునికి అందజేయవలెను. సిగ్గుపడి దాచరాదు. వీలైనప్పుడెల్ల వెళ్లి చూడవలెను; కుదరనిచో ఉత్తరము వ్రాయవలెను.

శిక్ష స్వేచ్ఛకే గాని ఆరోగ్యమునకు కాదు. శిక్ష ముగిసిన మనిషి తిరిగి మన ఊరికే, మన ఇంటికే వచ్చును. అతడు ఆరోగ్యవంతుడై వచ్చుట అందరికిని క్షేమము.