గువ్వలతో విదేశాలకు: తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష

కె.కోటపాడు నుంచి విశాఖ విమానాశ్రయం పెద్ద దూరమేం కాదు. పాస్‌పోర్టు, వీసా, టికెట్ ఉన్న మనిషి పొద్దున్న ఇంట్లో టిఫిన్ చేసి బయల్దేరితే ఆ రాత్రికల్లా వేరే దేశంలో ఉండొచ్చు. మ్యాజిక్ షోలు చేసే కుర్రాడి చేతిలో నాలుగు తెల్ల గువ్వలున్న పెట్టె కూడా ఉంటే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. మన పల్లెల్లో జాతరలకీ, బడి వార్షికోత్సవాలకీ షోలు వేసేవాళ్లకు ఇప్పుడు బయటి దేశాల తెలుగు సంఘాల నుంచీ పిలుపులు వచ్చే కాలం. హైదరాబాద్ మెజీషియన్ సామల వేణు లాంటివాళ్లు విదేశీ వేదికల మీద పేరు తెచ్చుకున్నాక, మనమూ వెళ్లగలమన్న ధైర్యం చిన్న ఊళ్లలోనూ పుట్టింది. అలాంటి పిలుపు వచ్చినప్పుడు ముందుగా పుట్టే ప్రశ్న: పెంచుకున్న పక్షుల్ని వెంట తీసుకెళ్లొచ్చా?

కొన్ని దేశాలకు తీసుకెళ్లొచ్చు, చాలా కష్టపడితే. కానీ పక్షుల్ని దేశం దాటించడం కంటే వాటిని మళ్లీ మన ఊరికి తెచ్చుకోవడమే కష్టం. చాలామంది ఈ సంగతిని ఆఖర్న గుర్తిస్తారు. అందుకే దీన్ని మొదటి నుంచీ విడమరిచి చెప్పుకోవాలి.

ముందు మన చేతిలో ఉన్న పక్షి ఏదో తేలాలి. స్టేజీ మీద రుమాల్లోంచి వచ్చే తెల్ల గువ్వ అడవి పక్షి కాదు. ఆఫ్రికా గువ్వ జాతి నుంచి ఎన్నో తరాలుగా పంజరాల్లో పెంచుకుంటూ వచ్చిన రకం. బరువు 150 గ్రాములకు అటూ ఇటూ. చేతిలో ఇమిడిపోతుంది, బెదరదు. ఈ గువ్వల ఐటమ్‌కు ప్రపంచమంతటా పేరు తెచ్చినవాడు అమెరికన్ మెజీషియన్ చానింగ్ పొలాక్. 1959లో వచ్చిన ఒక ఇటాలియన్ సినిమాలో అతని ప్రదర్శన చూసి ఎన్నో దేశాల మెజీషియన్లు గువ్వలు పట్టారు. అతనికంటే ముందు మెక్సికోకు చెందిన కాంటూ ఈ దారి వేశాడు. ఆ గువ్వ ఎక్కడ దాగుతుందో, ఎలా వస్తుందో ఇక్కడ రాయను. ఆ రహస్యం మీద బతికేవాళ్లున్నారు.

తెల్ల గువ్వకు గానీ పెంపుడు పావురానికి గానీ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటిస్‌తో పేచీ లేదు. పక్షుల దుకాణాల్లో లవ్ బర్డ్స్ అని అమ్మే బడ్జెరిగర్లు, కాకటీల్ కూడా ఆ జాబితాల బయటే ఉన్నాయి. మకావ్, కాకటూ, ఆఫ్రికన్ గ్రే చిలక అలా కాదు. వాటికి సైటిస్ పర్మిట్లు ఉండాలి. ఆఫ్రికన్ గ్రేను 2017 నుంచి అత్యంత కఠినమైన మొదటి జాబితాలోనే పెట్టారు. ఇలాంటి పక్షులు ఇంట్లో ఉంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి కూడా. ఇక మన రామచిలక ఊసే వద్దు. చిలక జోస్యం చెప్పేవాళ్ల చేతిలో చిన్నప్పటి నుంచీ చూశాం కాబట్టి అది మామూలే అనిపిస్తుంది గానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పంజరంలో ఉంచడం నేరం. విదేశం సంగతి అటుంచి, చోడవరం సంతకు తీసుకెళ్లినా తప్పే.

పక్షి ఏదో తేలాక, దానితో ప్రదర్శన ఇచ్చే హక్కు మనకుందా అన్నది రెండో ప్రశ్న. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. అందులో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ, కాబట్టి గువ్వా అందులోకి వస్తుంది. టికెట్టు పెట్టి జంతువుల్ని ప్రదర్శించేవాళ్లు, అందుకోసం శిక్షణ ఇచ్చేవాళ్లు నమోదు చేయించుకోవాలని ఆ చట్టం చెబుతుంది. దానికి నిబంధనలు 2001లో వచ్చాయి. ఆ పని భారత జంతు సంక్షేమ బోర్డు చూస్తుంది. దాని కార్యాలయం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఎద్దు ప్రదర్శనకు నిషిద్ధం. పక్షులు ఆ నిషేధంలో లేవు, నమోదు మాత్రం తప్పదు. మన పల్లెల్లో షోలు వేసే చాలామంది ఈ కాగితం లేకుండానే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు. విదేశీ నిర్వాహకుడు ఒప్పందం రాసేటప్పుడు దాన్ని అడగొచ్చు.

ఈ నమోదు ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మెజీషియన్లకు దాని మీద గౌరవం కలుగుతుంది. పంజరంతో సహా పక్షిని చిటికెలో మాయం చేసే ఐటమ్ ఒకప్పుడు యూరప్‌లో ఎంతో ప్రసిద్ధం. ప్రతి షోలో ఒక పక్షి చచ్చిపోతోందని జనం ఆరోపించారు. 1921లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కార్ల్ హెర్ట్జ్ అనే మెజీషియన్ అదే ఐటమ్ చేసి, మాయమైన పక్షిని ప్రాణాలతో తెచ్చి చూపించాడు. ఆ విచారణల తర్వాతే 1925లో ప్రదర్శన జంతువుల నియంత్రణ చట్టం వచ్చింది. ప్రదర్శించేవాళ్లూ శిక్షణ ఇచ్చేవాళ్లూ నమోదు కావాలన్న దాని పద్ధతే మన 1960 చట్టంలోనూ కనిపిస్తుంది. మెజీషియన్ చేతిలో పక్షి క్షేమంగా ఉందా అని లోకం అప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. అడగడంలో తప్పు లేదు.

గువ్వ బెదరకపోయినా ప్రభుత్వాలు మాత్రం దాన్ని చూసి బెదురుతాయి. కారణం బర్డ్‌ఫ్లూ. మన దేశంలో అది మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. మనకు దగ్గర్లో 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం ఫారాల్లో కోళ్లు కుప్పలుగా చనిపోయాయి. నమూనాలను భోపాల్ ల్యాబ్‌కు పంపితే బర్డ్‌ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 అని తేలింది. అలా తేలగానే దేశం ఆ సంగతిని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థకు తెలియజేయాలి. ఆ కబురు అందిన దేశాల్లో చాలా మన పక్షులకు తలుపులు మూస్తాయి. కె.కోటపాడులో ఇంటి వెనక గూట్లో పెరుగుతున్న నాలుగు గువ్వలకు వేల్పూరు కోళ్ల ఫారంతో ఏ సంబంధమూ ఉండదు. అయినా దారి మూసుకుపోయేది వాటికీ కలిపే.

తలుపు తెరిచి ఉందనుకుందాం. ఏ దేశానికి వెళ్తున్నామన్నదాన్ని బట్టి షరతులు మారతాయి. ఉదాహరణకు అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా మహాసభలు మూడు రోజులు జరుగుతాయి. పెంపుడు పక్షి అమెరికాలో అడుగు పెట్టాలంటే అక్కడి వ్యవసాయ శాఖ నుంచి ముందే దిగుమతి పర్మిట్ తీసుకోవాలి, ఇక్కడి ప్రభుత్వ పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, దిగాక అక్కడి ప్రభుత్వ క్వారంటైన్‌లో 30 రోజులు ఉండాలి. ఆ ఖర్చంతా మనదే. మూడు రోజుల సభ కోసం నెల రోజుల క్వారంటైన్ అన్నమాట. పైగా ఆ దేశపు దిగుమతి నిబంధనల్లో గువ్వనూ పావురాన్నీ కోడి, బాతు, టర్కీలతో కలిపి ఒకే వరసలో రాశారు. ఇంటి పెంపకమని ఒప్పించలేకపోతే కోళ్లకుండే కఠిన నిబంధనలు దానికీ పడతాయి.

యూరప్ దేశాల్లో పెంపుడు పక్షులకు కొంత వెసులుబాటు ఉంది. అది ఐదు పక్షుల వరకే, యజమాని తోడు ఉండాలి, ప్రయాణం వ్యాపారం కోసం కాకూడదు. పారితోషికం తీసుకుని షో వేసేవాడు ఆ వెసులుబాటును నమ్ముకుని బయల్దేరడం ప్రమాదమని నా గట్టి నమ్మకం. విమానాశ్రయంలో అధికారి చేతిలో షో పోస్టరు పడితే ఇక వాదించడానికి ఏమీ మిగలదు. గల్ఫ్‌లో, ఉదాహరణకు ఎమిరేట్స్‌లో, అక్కడి వాతావరణ మార్పు, పర్యావరణ మంత్రిత్వ శాఖ పర్మిట్ ముందుగా చేతికి రావాలి. ఆస్ట్రేలియా సంగతి తేలిక: న్యూజిలాండ్ నుంచి తప్ప పెంపుడు పక్షుల్ని రానివ్వదు.

ఆస్ట్రేలియా ఎంత పట్టుదలగా ఉంటుందో 2021 జనవరిలో లోకమంతా చూసింది. మెల్‌బోర్న్‌లో ఒక ఇంటి పెరట్లో పావురం వాలింది. కాలికున్న రింగును బట్టి అది అమెరికా నుంచి వచ్చిన పందెపు పావురమని అనుకున్నారు. దానికి జో అని పేరు కూడా పెట్టారు. వ్యాధి తెచ్చి ఉంటుందన్న అనుమానంతో చంపేయడానికి అధికారులు సిద్ధమయ్యారు. చివరికి ఆ రింగు నకిలీదని అమెరికా పావురాల సంఘం తేల్చాకే, అది స్థానిక పక్షేనని నమ్మి వదిలేశారు. ఒక్క రింగు మీద ఒక ప్రాణం ఆధారపడింది.

మన గువ్వలకూ రింగు కావాలి. కాగితంలో రాసిన పక్షీ పెట్టెలో ఉన్న పక్షీ ఒకటేనని చూపించడానికి అది పనికొస్తుంది. అతుకు లేని గుండ్రటి రింగును పిల్ల గుడ్డులోంచి వచ్చిన మొదటి వారంలోనే కాలికి ఎక్కించాలి. మూడు ముందు వేళ్లనూ దగ్గరికి కూర్చి రింగులోంచి దూర్చి, వెనక వేలును కాలి వెంబడి పైకి ఆనించి, రింగు దాన్ని దాటాక మెల్లగా బయటికి తీస్తారు. ఆ వారం దాటితే పాదం పెరిగి రింగు పట్టదు. అంటే విదేశీ ప్రయాణపు ఆలోచన పక్షి పుట్టకముందే ఉండాలి.

ఇక పెట్టె. చాలా విమాన సంస్థలు తమ అంతర్జాతీయ సంఘం అయాటా ఏటా ప్రచురించే సజీవ జంతువుల నిబంధనల్నే అనుసరిస్తాయి. పక్షి నిలబడటానికి కర్ర ఉండాలి, గాలి ఆడే రంధ్రాలు ఉండాలి, వెలుతురు మందంగా పడేలా పలచటి గుడ్డ కప్పాలి. చీకట్లో గువ్వ కదలకుండా కూర్చుంటుంది, భయం తగ్గుతుంది. నీళ్ల గిన్నె దగ్గరే చాలామంది పొరబడతారు. కోడి ఒక గుక్క తీసుకుని మెడ ఎత్తి మింగుతుంది. గువ్వ అలా తాగదు. ముక్కును నీళ్లలో ముంచి, తల ఎత్తకుండా పీల్చుకుంటుంది. అడుగు తడిసేలా రెండు చుక్కలు పోసిన పళ్లెం దానికి పనికిరాదు. ముక్కు మునిగేంత లోతున్న గిన్నెను పెట్టెకు బిగించాలి, కుదుపులకు ఒలకకుండా లోపల స్పాంజి ముక్క వేయాలి. పక్షికి చెమట పట్టదు, ఎండ ఎక్కువైతే నోరు తెరిచి రొప్పుతుంది. మే నెలలో మధ్యాహ్నం కార్గో షెడ్డు బయట గంట సేపు పెట్టె ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రాత్రి విమానం, వీలైనంత వరకూ మధ్యలో దిగని విమానం చూసుకోవాలి. దారికి పెట్టిన గంటెలు, కొర్రలు మిగిలితే అవతలి దేశంలోకి పట్టుకెళ్లనివ్వరు. గింజలకు ప్రతి దేశంలోనూ వేరే క్వారంటైన్ చట్టం ఉంటుంది.

ఇంతా చేసి షో అయిపోయాక ఇంటికి బయల్దేరతాం. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మన ఊళ్లో పుట్టి మన చేతి గింజలు తిని పెరిగిన గువ్వ తిరిగొచ్చేటప్పుడు చట్టం దృష్టిలో విదేశీ సరుకే. అది ఎక్కడ పుట్టిందని చట్టం అడగదు, ఎక్కడి నుంచి వస్తోందని అడుగుతుంది. 1898 నాటి పశువుల దిగుమతి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని కింద కేంద్ర పశుసంవర్ధక శాఖ దిగుమతి అనుమతి ఇవ్వాలి. సజీవ పక్షిని దించాలంటే జంతు క్వారంటైన్ కేంద్రం ఉన్న చోటే దించాలి: ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్. విశాఖకు టికెట్ తీసుకున్నవాడు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో దిగాలి. సామానుతో పాటు పెంపుడు జంతువును తెచ్చుకునే సౌలభ్యం కుక్కలకూ పిల్లులకూ ఉంది, పక్షులకు లేదు.

అన్నిటికన్నా గట్టి అడ్డంకి బర్డ్‌ఫ్లూయే. అది ఉన్న చోటు నుంచి పక్షుల్ని రానివ్వకుండా ఆపే అధికారం ఆ చట్టమే ప్రభుత్వానికి ఇచ్చింది. ఈ విషయమై అమెరికా మన మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది. 2015లో మనకు వ్యతిరేకంగా తీర్పు వచ్చాక ఆంక్షల్ని సవరించాం. అది పెద్ద పెద్ద కోడిమాంసం వ్యాపారుల పోరు. మన గువ్వకు ఒరిగేది తక్కువ. 2022 ఫిబ్రవరి నుంచి అమెరికా ఫారాల్లో బర్డ్‌ఫ్లూ విడవకుండా తిరుగుతోంది. ఇక్కడ బయల్దేరేటప్పుడు తెరిచి ఉన్న దారి, రెండు వారాల తర్వాత తిరిగొచ్చేసరికి మూసుకుపోవచ్చు. అప్పుడు పక్షిని ఏం చేస్తాం?

ఇక్కడే కొందరు తప్పు చేస్తారు. అక్కడే ఎగరేసి వచ్చేస్తారు. తెల్ల గువ్వకు గింజ వెతుక్కోవడం రాదు, డేగను చూసి దాక్కోవడం రాదు, చలి తెలియదు. ఆకాశంలో దూరానికి కనిపించే తెలుపు దానికి శత్రువు. స్వేచ్ఛ ఇచ్చామని చప్పట్లు కొట్టించుకుని పక్షిని చావుకు వదిలేయడం ఏ మెజీషియన్‌కూ తగదు. ఆ దేశానికి చెందని పక్షిని బయట వదలడం బ్రిటన్ లాంటి చోట్ల నేరం కూడా.

అందుకే నా సలహా: గువ్వల్ని ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. వెళ్లే చోట పక్షులున్న మెజీషియన్‌ను నిర్వాహకుల చేత ముందే మాట్లాడించండి. గువ్వ ఐటమ్ చేసేవాళ్లు దాదాపు ప్రతి పెద్ద నగరంలోనూ ఉంటారు. పక్షి వాళ్లదైతే లైసెన్సూ వాళ్లదే అవుతుంది. ఇంగ్లండ్‌లో 2018 నిబంధనల ప్రకారం ప్రదర్శన జంతువులకు లైసెన్సు మూడేళ్లకిస్తారు. అమెరికాలో 2023లో వచ్చిన నిబంధనతో పక్షులూ జంతు సంక్షేమ చట్టం కిందికి వచ్చాయి. ఆ తనిఖీలు ఎంత లోతుగా ఉంటాయో మిస్సోరీ రాష్ట్రపు మెజీషియన్ మార్టీ హానీని చూస్తే తెలుస్తుంది. టోపీలోంచి తీసే ఒక్క కుందేలు కోసం, తుపానో అగ్నిప్రమాదమో వస్తే దాన్నెలా కాపాడతావో రాసివ్వమని 2013లో అక్కడి వ్యవసాయ శాఖ అతన్ని అడిగింది.

కొత్త పక్షి మన చేతికి వెంటనే అలవాటు పడదు. షోకి కనీసం రెండు రోజుల ముందే వెళ్లి దానికి మన చేత్తో గింజలు పెట్టాలి, మన గొంతు వినిపించాలి, వేలి మీద కూర్చోబెట్టుకోవాలి. ఆ రెండు రోజుల బస ఖర్చు ఒప్పందంలో రాయించుకోండి. అది కుదరదంటే ఆ ఐటమ్ తీసేసి రుమాళ్లు, తాళ్లు, నాణేలు పట్టుకెళ్లండి. మనం లేని రోజుల్లో ఇంటి దగ్గర గువ్వలకు గింజా నీళ్లూ చూసే మనిషిని కూడా టికెట్టు కొనకముందే కుదుర్చుకోవాలి. మండల పశువుల ఆసుపత్రి ఫోన్ నంబరు ఆ మనిషి దగ్గర ఉంచి బయల్దేరండి.