బాలింతరాలి ఆరోగ్యం: మొదటి ఆరు వారాలు

పురుడు వచ్చిన ఇంట్లో అందరి కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి. పాలు తాగిందా, నిద్రపోయిందా, ఎవరి పోలిక అని అడుగుతారు. తల్లికి జ్వరం ఉందా, రక్తం ఎంత పోతోంది అని అడిగేవారు తక్కువ. కాన్పు క్షేమంగా జరిగింది కదా, ఇక గండం గడిచిందని అనుకుంటాము. కాని తల్లి ప్రాణానికి వచ్చే పెద్ద ప్రమాదాలు చాలావరకు కాన్పు అయిన తరువాతే, ముఖ్యంగా మొదటి రోజు, మొదటి వారంలో వస్తాయి. అందుకే తల్లిని ఇంటికి పంపేటప్పుడు మేము చెప్పే మాటలను ఇక్కడ వ్రాస్తున్నాము. తల్లులే కాదు, అమ్మమ్మలు, అత్తగార్లు, భర్తలు కూడా చదవండి.

రక్తస్రావం

మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా పోతుంది. తరువాత గోధుమ రంగులోకి, ఆ పైన పసుపు, తెలుపు రంగులోకి మారి 4 నుండి 6 వారాల్లో ఆగిపోతుంది. బిడ్డ పాలు తాగేటప్పుడు పొత్తికడుపులో నొప్పి వస్తే భయపడవద్దు. గర్భసంచి ముడుచుకుంటోందని అర్థం. రెండవ, మూడవ కాన్పులో ఈ నొప్పి ఎక్కువగా ఉంటుంది. తగ్గిపోయిన రక్తం మళ్ళీ ఎక్కువైతే మాత్రం మాయ ముక్క లోపల మిగిలిందేమో, చీము పట్టిందేమో చూడాలి. వెంటనే ఆసుపత్రికి రండి.

పత్యం, మంచినీళ్ళు

మన ఇళ్ళలో బాలింతకు కారప్పొడి, వెల్లుల్లి, శొంఠి పెడతారు. వీటిని మితంగా తింటే తప్పు లేదు. కాని వాటితోనే పూట గడపడం, పప్పు, గుడ్డు, పెరుగు, పండ్లు మాన్పించడం మంచిది కాదు. పాలిచ్చే తల్లికి గర్భిణిగా ఉన్నప్పటికంటే కూడా ఎక్కువ ఆహారం కావాలి.

"నీళ్ళు తాగితే పొట్ట వస్తుంది, బిడ్డకు జలుబు చేస్తుంది" అని నీళ్ళు తగ్గిస్తారు. ఇది నిజం కాదు. నీళ్ళు చాలకపోతే మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి, కుట్ల దగ్గర నొప్పి పెరుగుతుంది. పాలు ఇవ్వడానికి కూర్చున్న ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళు దగ్గర పెట్టుకోండి.

ఐరన్ మాత్రలు కాన్పు తరువాత 180 రోజులు వాడాలి. టీతో గాని పాలతో గాని వేసుకోవద్దు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి.

శుభ్రత

మెత్తలు 4 నుండి 6 గంటలకు ఒకసారి మార్చండి. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయండి. కుట్లను శుభ్రమైన నీళ్ళతో ముందు నుండి వెనుకకు కడిగి తడి లేకుండా ఉంచండి. నూనె, పసుపు, బూడిద పెట్టవద్దు.

1847లో వియన్నా నగరంలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, కాన్పు చేసేవారి చేతులు క్లోరిన్ నీళ్ళతో కడిగించినందుకే బాలింత జ్వరపు మరణాలు బాగా తగ్గడం చూశాడు. చేతులు కడుక్కోవడం నేటికీ ముఖ్యమే. తల్లినీ బిడ్డనూ తాకేవారు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తలుపులు, కిటికీలు మూసి మంచం కింద కుంపటి పెట్టవద్దు. ఆ బొగ్గుల నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే తల్లి, బిడ్డ ప్రాణాలు తీయగలదు.

విశ్రాంతి, నడక

మంచం మీదే ఉండిపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆపరేషన్ అయినవారు కూడా మెల్లగా ఇంట్లో నడవాలి. అయితే 6 వారాల వరకు బిడ్డ కంటే బరువైనవి ఎత్తవద్దు. నీళ్ళ బిందెలు ఇంట్లోవారే మోయాలి. బిడ్డ పడుకున్నప్పుడు తల్లి కూడా పడుకోవాలి.

మనసు

మూడవ రోజు ప్రాంతంలో ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడడం చాలామంది తల్లులకు ఉంటుంది. రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, చనిపోవాలనే ఆలోచన వస్తే అది జబ్బు. గాలి సోకడం కాదు, తల్లి బలహీనత కాదు, విశ్వాసం తక్కువై కాదు. దీనికి మందులు, సలహా ఉన్నాయి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవారు ఉచితంగా సహాయం చేస్తారు. ప్రాణానికి హాని చేసుకుంటుందనే భయం ఉంటే ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకురండి.

ఆలస్యం చేయకూడని సూచనలు

• గంటలోపే ఒక మెత్త పూర్తిగా తడిసిపోవడం, పెద్ద గడ్డలు పడడం
• 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చలి, దుర్వాసనతో స్రావం
• విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ (గర్భంలో బి.పి. లేనివారికి కూడా రావచ్చు)
• ఆయాసం, ఛాతీలో నొప్పి
• ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం
• రొమ్ము ఎర్రబడి గట్టిపడి జ్వరం రావడం (పాలివ్వడం మానవద్దు)
• కుట్ల నుండి చీము

వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఏ ఇబ్బందీ లేకపోయినా మొదటి వారంలో, రెండవ వారంలో, ఆరవ వారంలో తల్లి కూడా పరీక్షకు రావాలి. తరువాతి గర్భానికి కనీసం రెండేళ్ళ ఎడం ఉండాలి. ఆ విషయం ఆరవ వారంలో భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి మాట్లాడండి.

సంఘంలో బాలింతను చూడడానికి వెళ్ళేవారికి ఒక మాట. బిడ్డకు గౌను తీసుకువెళ్ళడం మంచిదే. దానితో పాటు ఒక గిన్నెలో పప్పు, కూర కూడా తీసుకువెళ్ళండి. చేతులు కడుక్కొని ఒక గంట బిడ్డను ఎత్తుకోండి, తల్లిని నిద్రపోనివ్వండి. "అమ్మా, నీకెలా ఉంది?" అని అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి.