రెండు సంఖ్యలు – ఒక కాలేయము

హెపటైటిస్ సి అను కాలేయ వ్యాధి దీర్ఘకాలముగా నున్నవారి రక్తమును పరీక్షించినపుడు ముఖ్యముగా రెండు సంఖ్యలు లభించును. మొదటిది వైరల్ లోడు. అనగా ఒక మిల్లీలీటరులో వైరసు ఎంత యున్నదో తెలుపునది. ఇది లక్షలలో నుండుట సామాన్యము. రెండవది ఎ.ఎల్.టి. అను ఎంజైము పరిమాణము. ఇది పదులలోనో వందలలోనో ఉండును. మన ప్రయోగశాలల కాగితములపై దీనినే ఎస్.జి.పి.టి. అని కూడ వ్రాయుదురు. మొదటి సంఖ్య పెరిగినచో రోగి బెదరిపోవును. రెండవది తక్కువగా నున్నచో నిశ్చింతగా నుండును. ఆ భయమునకు గాని, ఈ నిశ్చింతకు గాని తగిన ఆధారము లేదు. నిశ్చింతయే మరింత ప్రమాదకరము. ఏలననగా, ఈ సంఖ్యలు కొలుచునది ఒకటి, రోగి తెలిసికొనగోరునది వేరొకటి.

ముందుగా ఎంజైమును గూర్చి తెలిసికొందము. అలనీను అను ఎమినో ఆమ్లము నుండి ఎమినో సమూహమును వేరొక అణువునకు మార్చుట ఎ.ఎల్.టి. చేయు పని. దాని స్థానము ముఖ్యముగా కాలేయ కణముల లోపల. రక్తములో దానికి పని లేదు. కణములు దెబ్బ తిన్నపుడు అది రక్తములోనికి కారును. ఇట్టి ఎంజైములను రక్తములో కొలిచి రోగమును గుర్తింపవచ్చునని 1950వ దశకము మధ్యలో అమెరికాలో కార్మెన్, రోబ్లెవ్‌స్కీ, లడూ అను వైద్యశాస్త్రజ్ఞులు చూపిరి. గాదెకు చిల్లి పడినచో వడ్లు వాకిట రాలును. రాలిన వడ్లను చూచి చిల్లి యున్నదని చెప్పవచ్చును గాని, లోపల మిగిలిన వడ్లెన్నియో చెప్పజాలము. పైగా రక్తములో చేరిన ఈ ఎంజైములో సగము సుమారు రెండు దినములలో తొలగిపోవును. కావున అది తెలుపునది ఇటీవలి నష్టమునే. ఏండ్ల తరబడి పోగైన నష్టమును కాదు.

ఇక వైరసు సంగతి. 1989లో కనుగొనబడిన ఈ వైరసులో సుమారు 9,600 అక్షరముల పొడవు గల ఆర్.ఎన్.ఎ. పోగు ఒకటి యుండును. ప్రయోగశాలలో దానికి డి.ఎన్.ఎ. నకలు తీసి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెంచుచు, ఎన్ని విడతలలో అది కంటబడునో చూచి మొదటి మొత్తమును లెక్కింతురు. రోగి శరీరములో దినమునకు సుమారు లక్ష కోట్ల వైరసులు పుట్టుచున్నవనియు, రక్తములో నున్నవానిలో సగము దాదాపు మూడు గంటలలోనే తొలగిపోవుచున్నవనియు 1998లో అంచనా కట్టిరి. వైరల్ లోడు ఈ రాకపోకల మధ్య నిలిచిన నిల్వ మాత్రమే.

ఇట్టి పెద్ద సంఖ్యలను సంవర్గమానములలో చూచుట ఉచితము. 8 లక్షల సంవర్గమానము 5.9, 16 లక్షలది 6.2. వైరసు రెట్టింపయినట్లు తోచినను తేడా 0.3 మాత్రమే. 0.5 కంటె తక్కువ తేడాకు వైద్యులు సాధారణముగా ప్రాముఖ్యము నీయరు. పరీక్షలోను, శరీరములోను సహజముగా కలుగు హెచ్చుతగ్గులే అంత యుండును.

వైరసు ఎక్కువైనచో కాలేయము ఎక్కువగా చెడవలదా? చెడనక్కరలేదు. ఈ వైరసు సాధారణముగా తాను చేరిన కణమును తానే చంపదు. వైరసు చేరిన కణములపై శరీరపు రోగనిరోధక వ్యవస్థ చేయు దాడివలననే ఎక్కువ నష్టము కలుగును. అందుచే వైరసు పరిమాణము, కణనష్టము కలిసి పెరుగవలెనను నియమము లేదు.

ఐర్లండులో జరిగిన ఒక దుర్ఘటన ఈ విషయమునకు మంచి సాక్ష్యము. తల్లి రక్తము ఆర్.హెచ్. నెగటివు, శిశువు రక్తము ఆర్.హెచ్. పాజిటివు అయినపుడు, తరువాతి కాన్పులలో శిశువునకు హాని కలుగకుండ తల్లికి ఆంటీ-డి అను మందు నిత్తురు. ఇది మానవ రక్తము నుండి తయారగును. 1977, 1978లలో అక్కడ వాడిన మందులో కొంత, వ్యాధి సోకిన ఒకే రక్తదాత మూలమున కలుషితమైనదని 1994లో బయటపడినది. ఆంటీ-డి తీసికొన్న స్త్రీలను వేల సంఖ్యలో పరీక్షింపగా 704 మందిలో వైరసు సోకిన గుర్తులు కనబడినవి. సుమారు 17 ఏండ్లు గడచినను, వారిలో 390 మంది రక్తములో వైరసు ఇంకను ఉన్నది.

వీరిలో 371 మందికి ఎ.ఎల్.టి. కొలువగా, 31 మందికి 100 యూనిట్లు లేక అంతకు మించియు, 176 మందికి 40 నుండి 99 వరకును ఉన్నది. మిగిలిన 164 మందికి 40 లోపుగానే, అనగా సాధారణముగానే ఉన్నది. కాని 363 మంది కాలేయము నుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూడగా, నూటికి 90 మందికి పైగా వాపు కనబడినది. 186 మందిలో నారవంటి కణజాలము ఏర్పడుట ప్రారంభమైనది. ఏడుగురిలో మాత్రము కాలేయము గట్టిపడి సిర్రోసిస్ ఏర్పడినట్లు, లేక ఏర్పడియుండవచ్చునని తేలినది. వైరసు వచ్చిన మూలము ఒకటే, గడచిన కాలమును దాదాపు ఒకటే; ఫలితములు మాత్రము వేరు. ఎంజైము సాధారణముగా నున్న స్త్రీలలో పెక్కుమంది కాలేయములు నిర్దోషములు కావు.

మరి కాలేయపు స్థితి తెలియుట ఎట్లు? దాని గట్టిదనమును ధ్వనితరంగములతో కొలుచు యంత్రములు నేడు గలవు. రోగి వయస్సు, రెండు ఎంజైములు, రక్తములోని ప్లేట్‌లెట్ల సంఖ్య కలిపి కట్టు లెక్కయు ఒకటి గలదు. ఒంటరిగా చెప్పలేని మాటను ఎంజైము ఈ లెక్కలో ఇతరములతో కలిసి చెప్పగలుగుచున్నది.

వైరల్ లోడు నిజముగా నిర్ణయించు విషయము వేరొకటి కలదు: వైరసు ఉన్నదా, లేదా? నేటి మందులను సాధారణముగా 8 నుండి 12 వారములు వాడినచో నూటికి 95 మందికి పైగా వైరసు పోవుచున్నది. చికిత్స ముగిసిన 12 వారములకు కూడ అది కనబడనిచో వ్యాధి నయమైనట్లే. ప్రతిరక్షకములు రక్తములో నిలిచియుండును గనుక, వాని పరీక్ష వలన ఈ సంగతి తేలదు. సిర్రోసిస్ ఏర్పడినవారు మాత్రము నయమైన పిమ్మటను క్యాన్సరు కొరకు పరీక్షలు చేయించుకొనుచుండవలెను. వైరసు పోయినను పాత గాయము మిగిలియుండును.

ఈ వ్యాధికి టీకా లేదు. పెక్కుమందిలో చిరకాలము బాధయు కనబడదు. కావున ఎంజైము తగ్గువరకు వేచియుండుట, లేక అది తక్కువగా నున్నదని చికిత్స మానుట తగదు. మన దేశములో 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ కేంద్రములలో ఈ పరీక్షలు, మందులు ఉచితముగా ఇచ్చు ఏర్పాటు గలదు. ఏ సంఖ్యను చూచినను, అది పెద్దదా చిన్నదా యని అడుగుటకు ముందు, అది దేనిని కొలుచుచున్నదని అడుగవలెను. తరగతిలో నేర్చిన ఈ అలవాటు ఒక్కొక్కపుడు ప్రాణమును కాపాడగలదు.